భివండిలో ఒక నూనెచుక్క వెంట

నేను భివండి వెళ్ళింది సముద్రం చూడడానికి. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఉద్దేశం వేరు. డిగ్రీ పరీక్షలు అయిపోయాయి, పిల్ల మూల కూర్చుని పుస్తకాలు తప్ప మనుషుల్ని చూడడం లేదు, కొన్నాళ్ళు మేనమామ ఇంట్లో ఉంటే నోరు విప్పడం అలవాటవుతుందని ఆమె పంపింది. నా లెక్క ఏమిటంటే, భివండి బొంబాయి పక్కనే, బొంబాయికి సముద్రం ఉంది, కాబట్టి మామ ఇంటి కిటికీ తీస్తే అలలు కనిపించాలి. పటం తీసి ఒక్కసారి చూసుకుంటే సరిపోయేది. చూడలేదు. పైగా కొత్త డైరీ కొని, మొదటి పేజీలో ‘సాగరతీరాన’ అని శీర్షిక రాసి, కింద గీత కూడా గీసుకున్నాను. తర్వాత ఆ పేజీ చింపేశాను. ఆ ఊళ్ళో నేను చూసినంత ఇంజన్ ఆయిల్ మా సిరిసిల్లలో పుట్టి పెరిగి కూడా చూడలేదు. సముద్రం మాత్రం చూడలేదు.

అంజూర్ ఫాటా

మా వీధివాళ్ళ కుటుంబంతో కలిసి వెళ్ళాను. తెల్లవారుతుండగా బస్సు మమ్మల్ని అంజూర్ ఫాటాలో దింపింది. కూడలి చుట్టూ గోదాములు, లారీలు, సగం కట్టిన మేడలు. మామ అప్పటికే తన నీలం రంగు టెంపో పక్కన నిలబడి ఉన్నాడు. మామ పేరు రాజేశం. ఏళ్ళకేళ్ళు పవర్‌లూమ్‌ల మీద కూలికి పనిచేసి, ఆ మధ్య ఎవరో వాడి వదిలేసిన టెంపో కొనుక్కుని, మగ్గాల దగ్గరి నుంచి గోదాములకు బట్ట మోస్తున్నాడు.

“ఏందే శోభా, గింత సన్నగైనవ్? మీ అమ్మ తిండి వెడ్తలేదా?”

పెడుతోందని చెప్పాను.

“ఆఁ?” అంటూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ “ఆఁ?” అన్నాడు. మూడోసారి తల ఊపి ఊరుకున్నాను. అమ్మ తిండి పెట్టడం లేదనే అర్థమైనట్టుంది, వెంటనే వడాపావ్ బండి దగ్గరికి నడిపించాడు. మన ఆలుగడ్డ బజ్జీకి రొట్టె తొడిగినట్టుంటుంది. లోపల ఎర్రటి వెల్లుల్లి కారం దట్టించి ఇస్తారు. ధర మూడు రూపాయలు. సిరిసిల్లలో ఆ డబ్బుకు పొట్లం నిండా బజ్జీలు, పైన ఉల్లిగడ్డ ముక్కలు వస్తాయి. కారం గొంతులో అడ్డం పడి కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, నీళ్ళు కావాలని అడగడానికి సిగ్గేసింది. మామ అది చూసి, అమ్మ గుర్తొచ్చి ఏడుస్తున్నాననుకుని తల నిమిరాడు.

బయలుదేరడానికి టెంపోను కొంచెం ముందుకు తీశాడు. అది నిలబడ్డ చోట నేల మీద నల్లగా మెరుస్తూ ఒక మరక, సుమారు మా అమ్మ వేసే అట్టు అంత. నేను అటు చూడడం గమనించి మామ చెప్పుకాలితో మట్టి దానిమీదికి తోశాడు.

“ఏం లేదే. పాత బండి గదా, జర చెమట వోస్తది.”

పద్మనగర్

పద్మనగర్‌లో అడుగుపెడితే ఊరు దాటి వచ్చామని అనిపించదు. అంగడి బోర్డులు తెలుగులో ఉంటాయి, అమ్మే మనిషి కరీంనగర్ మాట మాట్లాడతాడు, చింతపండు కూడా మన దగ్గరిదే. తేడా అంతా చప్పుడులో ఉంది. సిరిసిల్లలోనూ మగ్గాలున్నాయి గానీ మా వీధిదాకా వినపడవు. మగ్గాల షెడ్‌ను అక్కడ గాలా అంటారు. మామవాళ్ళ గది అలాంటి ఒక గాలాకు సరిగ్గా పైన. నేల అదురుతూ ఉంటుంది, గిన్నెలో మజ్జిగ మీద చిన్న చిన్న వలయాలు లేస్తుంటాయి. అక్కడివాళ్ళు పక్కనే కూర్చున్నా, ఏటి అవతల ఉన్న మనిషిని పిలిచినట్టు మాట్లాడతారు. మొదట నన్ను తిడుతున్నారనుకుని బెదిరిపోయాను. మామ భార్య సుగుణత్త అంత గొంతుతో అడుగుతున్నది ఇంకో రొట్టె కావాలా అని.

ఆ రొట్టెలు చేస్తూనే అత్త అసలు సంగతి చెప్పింది.

“మీ మామ నీకేం జెప్పిండో గని, బండి సంగతి మంచిగ లేదే శోభా. పోయినసారి గోదాంల మాల్ దింపుతుంటే నేల మీద నూనె చుక్కలు వడ్డయి. హమాలీ సూసుకోకుంట టాకా దాని మీదికెల్లి దొర్లిచ్చిండు.”

టాకా అంటే చుట్టిన బట్ట. ఇంకా రంగు వెయ్యని తెల్లబట్ట. దాని మీద నూనె మచ్చ పడితే ఆ ఊళ్ళో దాగ్ అంటారు. అత్త ఆ మాటను, మనం పాము పేరు ఎత్తినట్టు, గొంతు తగ్గించి అంది. ఆమె గొంతు తగ్గించడం నేను విన్నది అదొక్కసారే.

“సోమారం దాక సూస్తనన్నడు మాల్ శేఠ్. చుక్క వడ్డదంటే ఇంకో టెంపో వెట్టుకుంటడట.”

“అప్పుడు మామ ఏం చేస్తాడు?”

“ఏం జేస్తడు, మల్ల మగ్గాల మీదికే. రాత్రి పాళీ. దూది దుమ్ము ఊపిరిల వట్టింది, ఇంక ఆ దిక్కు పోవద్దని డాక్టర్ జెప్పిండు. పోకుంటె తినేదెట్ల?”

పెనం మీద రొట్టె మాడింది. అత్త దాన్ని తన పళ్ళెంలో వేసుకుని నాకు ఇంకొకటి తట్టింది.

ఇంట్లో మూడో మనిషి తాత, మామ తండ్రి. కింది గాలాలో ఎన్నో ఏళ్ళు మిస్త్రీగా చేశాడు. మగ్గాలను బాగుచేయడం, పొద్దున్నే వాటన్నిటికీ నూనె వేయడం ఆయన పని. గాలా చేతులు మారాక కొత్త యజమాని ఒక కుర్రమిస్త్రీని పెట్టుకున్నాడు. తాత దగ్గర పొడుగు ముక్కున్న నూనెకుప్పి మాత్రం మిగిలింది. మంచం కింద ఆయన చెప్పుల పక్కనే ఉంటుంది.

బండి జబ్బు ఎక్కడుందో తాను చెబుతానన్నాడు తాత. పనికిరాని తెల్లబట్ట తెచ్చి ఆ సాయంత్రం టెంపో కింద పరిపించాడు. పొద్దున్నే దాన్ని బయటికి లాగి, పొద్దుకు పెట్టి, మచ్చల్ని వేలితో తడుముతూ చదివాడు.

“గీ మచ్చ సూసినవా, గుండ్రంగ లేదు. పక్కకు వారింది. మగ్గానికి గిట్ల వడ్డదంటే బేరింగ్ వోయినట్టే.”

“బాపూ, గిది మగ్గం గాదే,” అన్నాడు మామ.

“తిరిగేదేదైనా మగ్గమేరా.”

నేను ఆ మాట డైరీలో రాసుకున్నాను. ఆ రోజుల్లో నాకు బాగున్న మాట దొరికితే చాలు, అది నిజమా కాదా అని చూసే ఓపిక ఉండేది కాదు.

ఆచారాలు

ప్రయాణం చేసినవాళ్ళు అక్కడి ఆచారాలు రాయాలని ఎక్కడో చదివాను. కాబట్టి శ్రద్ధగా గమనించడం మొదలుపెట్టాను. చాయ్‌లో పావ్ ముంచుకుని తింటారు. అల్లుడి ముందు కూడా అత్తలు అరుస్తారు. కరెంటు పోయి మగ్గాలు ఆగితే పసిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడుస్తారు. వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకున్న ఆచారం ఇంకొకటి ఉంది.

మునిసిపాలిటీ నీళ్ళు తెల్లవారకముందే వచ్చేవి. బిందె పట్టుకుని నేను మేడమెట్ల దగ్గర నిలబడే వేళకు తాత కిందికి దిగేవాడు. టెంపోలో ముందు సీట్ల మధ్య ఉన్న మూత ఎత్తి, అటూ ఇటూ చూసి, కుప్పితో ఇంజన్‌లో నూనె పోసేవాడు. పోసి, ఆ మూతకు చెయ్యి తాకించి కళ్ళకు అద్దుకునేవాడు. తర్వాత మామ బయలుదేరబోతూ డబ్బాతో కొంచెం పోసేవాడు. మధ్యాహ్నం మామ తిని కునుకు తీస్తున్నప్పుడు, అదే డబ్బా కొంగు చాటున పెట్టుకుని అత్త దిగేది. ఆమె కూడా చుట్టూ చూసి పోసేది.

ఎవరికి వారే ఒంటరిగా, ఎవరూ చూడకుండా. అది భక్తి అనుకున్నాను. దేవుడికి మొక్కేటప్పుడు పక్కవాళ్ళు చూడకూడదని మా నాయనమ్మ కూడా అనేది. మా నాన్న తపాలా గుమాస్తా, మా ఇంట్లో నూనె అడిగే యంత్రం కుట్టుమిషన్ ఒక్కటే. దాన్ని మేం కీచుమన్నప్పుడు తప్ప పట్టించుకోం. అందుకని సిగ్గుపడుతూ డైరీలో ఇలా రాశాను: ‘ఇక్కడివారు యంత్రాన్ని పాడిపశువులా చూసుకుంటారు. పూటపూటకూ ఇంట్లో ఒకరు దాని ఆకలి తీరుస్తారు. మన పట్టణాలవారు నేర్చుకోవలసిన సంస్కారం.’

ఆ వాక్యం ఇప్పుడు చదివితే చెవులు వేడెక్కుతాయి.

నిజాంపురా

తాత చెప్పిన బేరింగ్ ఏదో బండిలో ఎక్కడా దొరక్కపోవడంతో మామ టెంపోను నిజాంపురాలో ఒక గ్యారేజీకి తీసుకెళ్ళాడు. పాత బజారు చూస్తానంటే నన్నూ ఎక్కించుకున్నాడు. ఇరుకు సందు, ఒక పక్క మగ్గాలు, ఒక పక్క ఇనుప సామాన్ల దుకాణాలు. గ్యారేజీ ఆయన్ని అందరూ ఉస్తాద్ అంటారు. పలచటి మనిషి, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. బొంబాయి హిందీలో బండి కిందినుంచే మాట్లాడతాడు, కాబట్టి మనం ఆయన చెప్పులతో మాట్లాడుతున్నట్టుంటుంది.

“తేల్ ఫుల్ హై నా?” నూనె నిండుగా ఉందా అని అడిగాయి చెప్పులు.

“ఏక్‌దం ఫుల్, ఉస్తాద్,” అన్నాడు మామ గర్వంగా.

కనిపించిన బోల్టులన్నీ బిగించాడు. ఒకచోట పాత ప్యాకింగ్ పీకి కొత్తది వేశాడు. నూనె ఎక్కడినుంచి వస్తోందో చూడాలంటే ఇంజన్‌ను శుభ్రంగా తుడిచి, మీద తెల్లపొడి చల్లి, ఒక చుట్టు తిప్పుకు రావాలన్నాడు. ఎక్కడ తడిసితే అక్కడే రోగం. పొడి మాత్రం ఆయన దగ్గర అయిపోయింది. మామ నావైపు తిరిగాడు.

“శోభా, నీ సంచిల పౌడరు డబ్బ ఉన్నదా?”

ఉంది. మల్లెపూల వాసనది, ఊరికి వస్తున్నానని ప్రత్యేకంగా కొనుక్కున్నది. అంతమంది మగవాళ్ళ మధ్య దాన్ని సంచిలోంచి తీసి ఇస్తుంటే, నా పెట్టె తెరిచి బజార్లో బోర్లించినట్టనిపించింది. ఉస్తాద్ డబ్బా వాసన చూసి, “వాహ్,” అని సగానికి పైగా ఇంజన్‌కు పట్టించాడు. నేను ఆ పౌడరు వారానికి చిటికెడు చొప్పున వాడేదాన్ని.

మల్లెల వాసనతో అంజూర్ ఫాటా దాకా వెళ్ళి వచ్చాం. సిగ్నల్ దగ్గర పక్క లారీవాడు కిటికీలోంచి తల బయటపెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తిరిగొచ్చి మూత తీస్తే పొడి ఒకచోట కాదు, అంతటా తడిసింది. సర్వపిండికి కలిపిన ముద్దలా పైనుంచి కిందిదాకా అంటుకుని ఉంది.

ఉస్తాద్ చేతులు తుడుచుకున్నాడు. ఇది బయటి రోగం కాదని, ఇంజన్ దింపి మొత్తం విప్పాలని చెప్పాడు. ఎన్నాళ్ళు పడుతుందని మామ అడిగితే, వచ్చే వారం చివరికి అవుతుందేమో అన్నాడు.

సోమవారం ఆ లోపలే ఉంది. మామ అక్కడున్న పాత టైరు మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి తనలో తాను అనుకున్నట్టుగా, అంటే సందు చివరిదాకా వినపడేట్టుగా, “అయిదు లీటర్ల డబ్బ వారం గూడ వస్తలేదు. నేను పొద్దున జర్రంత వోస్త, గంతే. అంత నూనె యాడికి వోతుంది?” అన్నాడు.

పొద్దున మామ పోస్తాడు, మధ్యాహ్నం అత్త పోస్తుంది కదా అనుకున్నాను. అలా అనుకుంటూ ఇనుప దుకాణం ముందు వేలాడుతున్న గొలుసులు చూస్తున్నాను. తర్వాత ఆలోచన అక్కడే ఆగింది. మామ గంతే అన్నాడు. అంటే మామకు తెలియదు. తెలియకపోతే అది ఆచారం కాదు.

చెప్పాలంటే అత్త చాటుగా చేసేది, తాత తెల్లవారకముందే చేసేది, రెండూ నడిబజార్లో బయటపెట్టాలి. అదీ నేను, క్లాసులో హాజరు పలకడానికి కూడా చెయ్యి మాత్రమే ఎత్తే మనిషిని.

“మామా, అత్త కూడా పోస్తది,” అన్నాను.

పక్క దుకాణంలో రేకు కొడుతున్నారు. ఎవరికీ వినపడలేదు. ఉస్తాద్ ఇంజన్ బోల్టు మీద పానా పెట్టాడు.

“మామా, అత్త...”

“ఆఁ? అత్తకేమైంది?” మామ కంగారుగా లేచాడు.

అప్పుడు కళ్ళు మూసుకుని, ఉన్న గాలి అంతా కూడగట్టుకుని అరిచాను. “అత్త గూడ నూనె వోస్తది మామా. పగటీలి, నువ్వు పన్నంక. తాత పొద్దుగాల వోస్తడు, నీకంటే ముందు.”

సరిగ్గా ఆ క్షణానికే రేకు కొట్టేవాడు ఆపాడు. సందంతా నావైపు తిరిగింది. నా గొంతు అంతదూరం పోతుందని నాకు అంతవరకు తెలియదు. భాష కూడా ఎప్పుడు మారిందో తెలియదు.

“క్యా బోలీ లడ్కీ?” పిల్ల ఏమందని అడిగాడు ఉస్తాద్.

మామ బండి వైపు తిరిగాడు. వెళ్ళి నూనె కొలిచే కమ్మీని లాగాడు. నూనె ఉండాల్సిన గీత కింద ఎక్కడో ఉంది. కమ్మీ దానికి చాలా పైదాకా తడిసి ఉంది. ఉస్తాద్ ఒక బొట్టు వేళ్ళ మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, వక్క ఉమ్మేసి మరీ నవ్వాడు. అందులో సగం ఇంజన్ ఆయిల్ కాదు, మగ్గాల నూనె. తాత కుప్పిలోది. నీళ్ళలా పలచన. నిండినదానికి మించి పోస్తే ఇంజన్ దాన్ని చిలికి పైనున్న గాలిగొట్టంలోంచి కక్కేస్తోందట, పలచబడ్డ నూనె పాత అతుకులన్నిట్లోంచి దారి వెతుక్కుంటోందట. కారడం చూసి వీళ్ళు ఇంకా పోశారు. పోసినకొద్దీ అది ఇంకా కారింది.

కమ్మీ మీరెందుకు చూడలేదని మామ అడిగితే, కారుతున్న బండిలో నూనె ఎక్కువుంటుందని ఏ పిచ్చివాడు అనుకుంటాడని ఉస్తాద్ కసిరాడు. కింద బకెట్ పెట్టి మర విప్పాడు. బకెట్ సరిపోక పక్క దుకాణం నుంచి ఇంకో డబ్బా తెచ్చారు. అంతా కారాక గీత దాకా మాత్రం కొత్త నూనె పోశాడు. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి, పెళ్ళికూతుర్ని చూసినట్టు నన్నూ బకెట్‌నూ చూసి పోయారు.

ఇంట్లో

“నువ్వు మర్శిపోతవని నేను వోస్తి,” అంది అత్త.

“నేనెప్పుడు మర్శిన?”

“పోయిన పండుగకు పిండి తెమ్మంటె మర్శినవ్.”

“పిండికి, ఇంజన్‌కు ఏం సంబంధమే?”

ఇద్దరూ అరుచుకుంటూనే నవ్వారు. కింది గాలావాళ్ళు కూడా విని, మెట్ల మీదికొచ్చి తమ వంతు నవ్వు నవ్వి వెళ్ళారు. తాత మాత్రం నవ్వలేదు.

“మీరిద్దరు వోస్తున్నరని నాకెవ్వడు జెప్పిండు?” అని ఒక్కమాట అన్నాడు. మామ ఆయన కుప్పిని తీసి, మెత్తగానే, అటక మీద పెట్టాడు. తాత అటు చూడలేదు. ఆ రాత్రి అన్నం తింటూ నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను ఒకటి రెండుసార్లు పలకరించాను. నా గొంతు మళ్ళీ పాతదానికే వెళ్ళిపోయింది కాబట్టి వినపడలేదో, విని పలకలేదో తెలియదు. ఎక్కువగా ఆలోచించలేదు కూడా. ఆ సాయంత్రమంతా నేను ఒక కుటుంబాన్ని కాపాడిన మనిషిని. డైరీలో నా గురించి నేనే రెండు పేజీలు రాసుకున్నాను.

సోమవారం, గోదాము

నన్ను కూడా తీసుకెళ్ళమని నేనే అడిగాను. గెలుపు దగ్గరుండి చూడాలని. గోదాములో శేఠ్ తరఫున ఒక గుమాస్తా ఉన్నాడు. మామ టెంపోను వెనక్కి పెట్టగానే అతను దాని కింద తెల్లబట్ట పరిపించాడు. హమాలీలు టాకాలు దింపుతున్నంతసేపూ మామ నిలబడ్డ చోటునుంచి కదల్లేదు. చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, దగ్గు వస్తే ఆపుకుంటున్నాడు. నేనూ బట్టకేసి చూస్తూ, ఆత్రం తట్టుకోలేక, దారిలో కొన్న వడాపావ్ తింటూ నిలబడ్డాను.

దింపడం అయ్యాక గుమాస్తా వంగి బట్ట లాగాడు. అంచున, వేలి గోరంత, ఒక మచ్చ.

“దాగ్,” అన్నాడు.

మామ ముఖంలో రంగు పోయింది. గుమాస్తా బట్టను వెలుతురులోకి తెచ్చి చూశాడు. మచ్చ ఎర్రగా ఉంది. వాసన చూశాడు. తర్వాత తల ఎత్తి నా చేతిలోని పొట్లాన్ని, దాని అడుగున కారి నా వేళ్ళ మీదికి దిగిన వెల్లుల్లి కారం నూనెను చూశాడు. బట్టకు రెండడుగుల దూరంలో ఉన్నానని అనుకున్నాను. లేను.

అతనికి ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. మిగతా బట్టంతా తిప్పి తిప్పి చూసి, ఏమీ లేకపోయేసరికి, రేపటినుంచి వేళకు రమ్మని మామకు చెప్పాడు. బయటికొచ్చాక మామ నాకు ఇంకో వడాపావ్ కొనిస్తానన్నాడు. వద్దన్నాను.

తిరుగు దారి

ఆ సాయంత్రమే నా బస్సు. మళ్ళీ అంజూర్ ఫాటా. అత్త రొట్టెలు మూట కట్టి ఇచ్చింది. తాత వస్తాడని ఎవరూ అనుకోలేదు, కానీ తెల్లచొక్కా తొడుక్కుని వచ్చి టెంపోలో కూర్చున్నాడు. దారంతా ఇంజన్ మూత మీద అరచెయ్యి ఆనించుకుని ఉన్నాడు. బస్సు వచ్చింది. మామ నా సంచి పైన పెట్టించడానికి వెనక్కి వెళ్ళాడు. నేను కిటికీ పక్క కూర్చుని, ఎవరికి ఏం చెప్పి వెళ్ళాలో తెలియక, కొంగు చివర మడతపెడుతున్నాను.

తాత కిటికీ దగ్గరికి వచ్చి ఊచ పట్టుకున్నాడు. లారీల చప్పుడులో కూడా ఆయన గొంతు పెంచలేదు, అందుకని నేనే ముందుకు వంగవలసి వచ్చింది.

“నువ్వు జెప్పింది మంచిదే అయ్యింది బిడ్డా, వాని పని నిలవడ్డది. గని, రేపు పొద్దుగాల లేసి నేనేం జెయ్యాలె?”